జీతాన్ని ఖర్చుగా రాయకండి: ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ గవర్నర్లకు బహిరంగ లేఖ

ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి గవర్నర్ల మండళ్ల సభ్యులకు,

నమస్కారం.

ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. రిటైరయ్యాక, పేద దేశాల్లో కొన్ని ఎలా నిలదొక్కుకున్నాయో, కొన్ని ఎందుకు నిలదొక్కుకోలేకపోయాయో చదవడమే నా పనయింది. మీలో ఎక్కువమంది మీ దేశాల ఆర్థిక మంత్రులు, కేంద్ర బ్యాంకుల అధిపతులు. అప్పుతో పాటు మీ సంస్థలు పెట్టే షరతుల వల్లే ఎక్కడో ఒక ఊళ్లో నర్సు పోస్టు భర్తీ అవుతుంది, లేదా ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటుంది. అందుకే మీకే రాస్తున్నాను.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఒక ఆరోగ్య కేంద్రం లెక్కలు చూశాను. భవనం పూర్తయి రెండేళ్లయింది. పరికరాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నర్సు పోస్టు మంజూరు కాలేదు. నిబంధన ప్రకారం ఆ భవనాన్ని, ఆ పెట్టెల్ని ఆస్తి కింద రాశాను. అదే వారంలో చూసిన ఇంకో కేంద్రం అద్దె గదిలో నడుస్తోంది. ఇద్దరు నర్సులు ఏడాది పొడవునా కాన్పులు చేస్తున్నారు, పిల్లలకు టీకాలు వేస్తున్నారు. అక్కడ ఆస్తి కింద రాయడానికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ ఇద్దరి జీతాలు ఖర్చు కింద పోయాయి. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు. రెండింటి మీదా సంతకం పెట్టాను. ఆ మొదటి సంతకం గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అన్నేళ్ల చదువులో నాకు అర్థమైంది ఇది: పేద దేశాన్ని పైకి తెచ్చేది మనుషుల్లో చేరే పనితనం. ఒకరి నుంచి ఇంకొకరికి, తల్లి నుంచి బిడ్డకు, ఒక ఫ్యాక్టరీ నుంచి పది ఫ్యాక్టరీలకు పాకే పనితనం. రోడ్డు, కరెంటు, యంత్రం అన్నీ కావాలి. సబ్ సహారా ఆఫ్రికాలో ఇంకా దాదాపు 60 కోట్ల మందికి కరెంటే లేదు, దాన్ని చిన్నమాటగా తీసేయలేం. కానీ కరెంటు వచ్చిన చోటల్లా బతుకులు ఒకేలా మారలేదు. నేర్పే మనుషుల్ని జీతమిచ్చి ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న చోట మార్పు గట్టిగా నిలిచింది. మీ లెక్కల పుస్తకంలో ఆ జీతమే మొదట కోత పడే పద్దు.

బంగ్లాదేశ్‌లో జరిగింది చూడండి. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కొత్త కంపెనీ 130 మందిని దక్షిణ కొరియాలోని బూసాన్‌కు పంపింది. అక్కడ దేవూ కంపెనీ ఫ్యాక్టరీలో వాళ్లు సుమారు ఆరు నెలలు కత్తిరింపు, కుట్టు, నాణ్యత తనిఖీ, మార్కెటింగ్ నేర్చుకున్నారు. తిరిగొచ్చాక 1980లో ఆ కంపెనీ తీసింది 43 వేల చొక్కాలు. 1987 నాటికి అది 23 లక్షలైంది. అయితే నాకు ముఖ్యంగా అనిపించేది ఈ అంకె కాదు. ఆ 130 మందిలో 115 మంది కొన్నేళ్లలోనే కంపెనీ వదిలి వెళ్లిపోయారు. కొందరు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు కొత్తగా పెట్టినవాళ్ల దగ్గర చేరి పని నేర్పారు. ఇవాళ ఆ దేశ ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులు దుస్తులే.

ఒక్క శిక్షణతోనే ఇంత జరిగిందని నేననను. సుంకం కట్టకుండా గుడ్డ తెచ్చుకునే బాండెడ్ గోదాములకు ప్రభుత్వం ఒప్పుకుంది. చేతిలో ఉన్న ఎగుమతి ఆర్డరునే హామీగా పెట్టుకుని ముడిసరుకు కొనుక్కునే బ్యాక్ టు బ్యాక్ ఎల్సీ (బ్యాంకు హామీ పత్రం) పద్ధతి వచ్చింది. సంపన్న దేశాలు కొరియాలాంటి దేశాల వస్త్రాలకు కోటాలు పెట్టడంతో కొరియా కంపెనీలు వేరే చోట్లు వెతుక్కున్నాయి. ఇవన్నీ కలిసొచ్చాయి. కానీ ఇవన్నీ ఉండి ఆ 130 మంది లేకపోతే? కుట్టు మిషన్ ఉద్యోగం మానేసి వెళ్లి ఇంకో ఫ్యాక్టరీ పెట్టలేదు. మనిషి పెట్టగలడు. ఆడిటర్‌గా నేనైతే ఆ మిషన్‌ను ఆస్తి కింద రాసి ఏటా తరుగుదల తీసేవాణ్ని. బూసాన్ ప్రయాణాన్ని ఖర్చు కింద కొట్టేసేవాణ్ని. ఏటేటా విలువ పెరిగింది మాత్రం నేను కొట్టేసిన దానికి.

ఆ ఫ్యాక్టరీలతో ఊళ్లలో ఆడపిల్లల జీవితాలు కూడా మారాయి. గార్మెంట్ ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఊళ్లలో అమ్మాయిల పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయని, వాళ్లు ఎక్కువ ఏళ్లు బడిలో ఉన్నారని పరిశోధకులు చూపించారు. లెక్కలు, చదవడం వస్తే ఉద్యోగం దొరుకుతుందని కళ్లముందు కనిపించినప్పుడు ఏ తల్లిదండ్రులైనా బడి మాన్పించే ముందు ఆలోచిస్తారు. ఇదే పరిశ్రమలో 2013 ఏప్రిల్ 24న గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు చూశారు. అయినా తెల్లారి లోపలికి రమ్మన్నారు. రాను అని చెప్పగలిగే బలం కార్మికులకు లేదు. ఎగుమతుల అంకె పెరగడాన్నే అభివృద్ధి అనుకునేవాళ్లు ఆ రోజును పక్కన పెట్టి మాట్లాడకూడదు. యూనియన్ పెట్టుకునే హక్కు, భవనం తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు, ఆ ఇన్‌స్పెక్టరు మాటకు విలువ, ఇవీ అభివృద్ధిలో భాగాలే. ఆ ఇన్‌స్పెక్టరుది కూడా జీతమే.

ఇక ఆరోగ్యం సంగతి. 1980 నుంచి 1990 దాకా బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ బంగ్లాదేశ్‌లో కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు మనుషుల్ని పంపింది. విరేచనాలతో నీరసించిపోయే పిల్లలకు ఇంట్లోనే ఉప్పు, బెల్లం, నీళ్లు కలిపి తాగించడం ఒక్కో తల్లి దగ్గర కూర్చుని నేర్పారు. తల్లి చేతే కలిపించారు. కొన్నాళ్లకు వేరే సిబ్బంది వెళ్లి, తల్లులకు ఎంత గుర్తుందో పరీక్షించేవారు. ఎంత బాగా గుర్తుంటే నేర్పినామెకు అంత ఎక్కువ డబ్బు. ఎన్ని ఇళ్లు తిరిగావు అని అడగలేదు, ఎన్ని కరపత్రాలు పంచావు అని అడగలేదు. ఈ ఏర్పాటు గురించి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి ఆలోచిస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ల తనిఖీల్లో ఏ పథకంలోనూ ‘అవతలి మనిషికి ఏం వచ్చింది’ అని అడిగే కాలమ్ నాకు కనిపించలేదు. ఈ కార్యక్రమంలో కాంక్రీటు లేదు. ఇప్పుడు లెక్కించి చూపించడానికి ఆస్తీ లేదు. ఆ తల్లుల దగ్గర నేర్చుకున్న కూతుళ్లు ఇప్పుడు తమ పిల్లలకు కలిపి తాగిస్తున్నారు.

ఇథియోపియా 2003లో ఇంకో దారి పట్టింది. ఊరూరా ఇద్దరేసి ఆడవాళ్లను తీసుకుంది. పదో తరగతి పాసైనవాళ్లు. ఏడాది శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ ఉద్యోగులుగా నెల జీతంతో పెట్టుకుంది. అలా 30 వేల మందికి పైగా తయారయ్యారు. టీకాలు, కుటుంబ నియంత్రణ, మరుగుదొడ్లు, మలేరియా, పిల్లల జబ్బులు, అన్నీ వాళ్లే చూశారు. పేద దేశాల్లో ఇలాంటి పనిని ఆడవాళ్లు సేవ పేరుతో ఉచితంగా చేయాలని ఆశించడం మామూలు. ఇథియోపియా జీతం ఇచ్చింది. 1990తో పోలిస్తే ఐదేళ్లలోపు పిల్లల మరణాల రేటును మూడింట రెండు వంతులు తగ్గించే లక్ష్యాన్ని గడువు కంటే ముందే చేరుకుందని 2013లో ప్రకటించారు. ఈ ఘనత అంతా ఆ ఉద్యోగినులదే అనడం సరికాదు, సేద్యంలో వచ్చిన మెరుగుదల, రోడ్లు, బయటి సాయం అన్నీ ఉన్నాయి. కానీ వాళ్లు లేకుండా టీకా ఆ ఊరి చివరి ఇంటికి చేరేది కాదు. తర్వాత 2020లో ఆ దేశ ఉత్తర ప్రాంతమైన టిగ్రేలో మొదలైన యుద్ధం ఆ ప్రాంతంలో ఆరోగ్య కేంద్రాల్ని నాశనం చేసింది. ఏళ్ల తరబడి చేసిన పని. శాంతి లేని చోట ఏ లెక్కా నిలవదు, దానిమీద నేను ఎక్కువ రాయలేను.

ఇప్పుడు మీ సంస్థల సంగతికి వస్తాను. 2000ల దశకంలో ఆఫ్రికాలో ఎన్నో దేశాలతో ఐఎంఎఫ్ కుదుర్చుకున్న ఒప్పందాల్లో ప్రభుత్వ జీతాల మొత్తానికి పరిమితి ఉండేది. విమర్శలు వచ్చాక 2007లో ఆ పరిమితుల వాడకం తగ్గించుకుంటామన్నారు. 2019లో సామాజిక వ్యయంపై ఒక వ్యూహం ప్రకటించారు. 2018లో ప్రపంచ బ్యాంకు మానవ మూలధన సూచిక తెచ్చి, పిల్లల చదువు, ఆరోగ్యం దేశ సంపదలో భాగమని ప్రపంచానికి చెప్పింది. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అది మూలధనమే అయితే, దాన్ని తయారుచేసే టీచర్ జీతం ఇంకా రెవెన్యూ ఖర్చు ఎందుకైంది? లోటు తగ్గించాల్సి వచ్చినప్పుడు కొత్త నియామకాల మీదే మొదట ఎందుకు వేటు పడుతోంది? కాగితాల మీద మాట మారింది, చేతి అలవాటు మారలేదు. అలవాటు ఎంత బలమైందో నాకు తెలుసు, నేనూ ముప్ఫై ఏళ్లు అలాగే రాశాను.

టీచర్లు లేకుండా బడి తలుపులు తెరిస్తే ఏమవుతుందో మలావీ చూపించింది. 1994లో ప్రాథమిక విద్య ఉచితం చేయగానే పిల్లల సంఖ్య 19 లక్షల నుంచి దాదాపు 30 లక్షలకు ఎగబాకింది. ఫీజు తీసేయడం సరైన నిర్ణయమే. కానీ నేర్పేవాళ్లు చాల్లేదు, శిక్షణ లేనివాళ్లను వేలల్లో హడావిడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. పిల్లలు చెట్ల కింద వందమందికి పైగా కూర్చున్నారు. బడిలో పేరుండటం వేరు, చదవడం రావడం వేరు. అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో సుమారు 70 శాతం మంది చిన్న కథను చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2022లో లెక్క చెప్పింది కూడా మీ బ్యాంకే.

జీతాలిస్తే పని చేస్తారన్న నమ్మకమేమిటి అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆరు దేశాల్లో చెప్పకుండా వెళ్లి చూస్తే టీచర్లలో 19 శాతం, ఆరోగ్య సిబ్బందిలో 35 శాతం మంది డ్యూటీలో లేరని 2006లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇండోనేషియాలో అర్హత పత్రం పొందిన టీచర్ల ఆదాయం బాగా పెంచితే వాళ్లకు టెన్షన్ తగ్గింది, సంతృప్తి పెరిగింది, పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. ఈ నిజాల్ని నేను దాచను. ఇవి దాచినవాళ్ల వల్లే మీకు జీతాల పద్దు మీద అనుమానం పెరిగింది.

అయితే అదే ఇండోనేషియా 1973 నుంచి 1979 మధ్య చమురు డబ్బుతో 61 వేలకు పైగా ప్రాథమిక బడులు కట్టింది, వాటికి టీచర్లను కూడా ఇచ్చింది. ఆ పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారు, పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారు. ఉగాండాలో 1990ల మొదట్లో బడులకు పంపిన గ్రాంటులో బడికి చేరింది సగటున 13 శాతమే. ఏ జిల్లాకు ఎంత పంపారో ప్రభుత్వం పత్రికల్లో అచ్చు వేయించడం, బడి గోడ మీద అతికించడం మొదలుపెట్టాక 80 శాతం దాటింది. డబ్బు ఎక్కడికి పోయిందో ఊరివాళ్లకు తెలిస్తే వాళ్లే అడుగుతారు. నా వృత్తి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఏడాదికోసారి వచ్చే ఆడిటర్ కంటే రోజూ బడి ముందు నుంచి వెళ్లే తల్లి మంచి తనిఖీ అధికారి. అనుమానం ఉంటే బ్రాక్ అడిగిన ప్రశ్న అడగండి, ఉగాండాలా లెక్క గోడ మీద అతికించమనండి. పోస్టు రద్దు చేస్తే ఆ అనుమానం తీరదు.

ఇంకో అలవాటు కూడా మార్చుకోవాలి. పేద దేశం కష్టమైన పని నేర్చుకుంటానంటే ‘అది మీకు తొందర’ అనడం. 1945లో దక్షిణ కొరియాలో చదవడం రాయడం వచ్చిన పెద్దవాళ్లు నాలుగో వంతుకు మించరు. 1950 భూసంస్కరణలో మూడు హెక్టార్లకు పైబడిన భూమిని కౌలుదార్లకు పంచారు. కౌలు కట్టే బాధ తప్పిన రైతు ఆ మిగులుతో పిల్లల్ని బడికి పంపాడు. తరగతికి అరవై, డెబ్బై మంది, షిఫ్టుల్లో చదువు, అయినా 1959 నాటికి దాదాపు అందరు పిల్లలూ ప్రాథమిక బడిలో ఉన్నారు. ఆ దేశం 1960ల చివర్లో ఉక్కు ఫ్యాక్టరీ కడతానంటే ప్రపంచ బ్యాంకు గిట్టుబాటు కాదంది. ఒకప్పటి వలస పాలనకు జపాన్ నుంచి వచ్చిన పరిహారం డబ్బుతో పోహాంగ్‌లో కట్టుకున్నారు. ఫ్యాక్టరీ లేవకముందే ఇంజనీర్లను జపాన్‌కు పంపి నేర్పించారు. 1973లో ఉక్కు బయటికొచ్చింది. కొరియా చేసినవన్నీ అనుసరించదగ్గవి కావు, ఆ ఏళ్లలో అక్కడ సైనిక పాలన, కార్మికుల అణచివేత ఉన్నాయి. ఎన్నో దేశాలు కట్టిన ఉక్కు ఫ్యాక్టరీలు తుప్పు పట్టాయన్నదీ నిజమే. కొరియా ప్రభుత్వం ఎగుమతి చేయగలిగిన కంపెనీకే అప్పు కొనసాగించింది, అది ముఖ్యమైన తేడా. నేర్చుకోవడానికి సమయమివ్వాలి, నేర్చుకున్నారా లేదా అని గట్టిగా చూడాలి. రెండోది మాత్రమే చేస్తే మొదటిదానికి అవకాశమే రాదు.

అప్పుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి కొద్దిగానే రాస్తాను. చదువు మీద గానీ, ఆరోగ్యం మీద గానీ పెట్టే ఖర్చు కంటే వడ్డీ ఎక్కువ కట్టే దేశాల్లో 330 కోట్ల మంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి 2024లో చెప్పింది. ఆఫ్రికా దేశం జాంబియా 2020 నవంబరులో వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. అప్పిచ్చిన ప్రభుత్వాలతో ఒప్పందానికి 2023 జూన్ దాకా, బాండ్లు కొన్నవాళ్లతో పూర్తి కావడానికి 2024 జూన్ దాకా పట్టింది. మూడున్నరేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల నాలుగో తరగతికి వచ్చేసింది. ఆ ఇబ్బందుల్లోనే 2022లో జాంబియా 30 వేల మందికి పైగా టీచర్లను తీసుకుంది, బడి ఫీజులు ఎత్తేసింది. అదే ఏడాది ఐఎంఎఫ్ అప్పు కార్యక్రమం కూడా మొదలైంది. అంటే మీరు ఒప్పుకుంటే కుదురుతుంది. జాంబియాకు కుదిరింది మిగతావాళ్లకు ప్రత్యేకంగా బతిమాలుకోవాల్సిన మినహాయింపుగా ఎందుకు ఉండాలి?

జీతాలు ఎప్పటికీ బయటి డబ్బుతో నడవాలని నేను కోరడం లేదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసినప్పుడు ఎన్నో దేశాల్లో ఆరోగ్య కార్యకర్తలు రాత్రికి రాత్రి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లోనే ఐక్యరాజ్యసమితిలో తీర్మానించారు. 2023లో ఆ మాట నిలబెట్టుకున్నవి ఐదు దేశాలే. అలాంటి మాట మీద ఒక టీచర్ తన జీవితాన్ని పెట్టలేదు. సొంత పన్నుల డబ్బు కావాలి. ఆఫ్రికా దేశాల్లో పన్నుల రాబడి సగటున జీడీపీలో సుమారు 16 శాతం, సంపన్న దేశాల్లో 34. మరోపక్క ఆఫ్రికా నుంచి ఏటా 8,860 కోట్ల డాలర్లు అక్రమంగా బయటికి పోతున్నాయని 2020లో ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఆ డబ్బు చేరే బ్యాంకులు, ఆ కంపెనీల రిజిస్టర్డ్ ఆఫీసులు మీలో కొందరి దేశాల్లోనే ఉన్నాయి. సాయం పెంచలేకపోతే, ఆ కన్నం పూడ్చడానికైనా చేయి వేయండి. పన్ను వసూలు నేర్పే అధికారిని పంపండి. అదీ పనితనమే, అదీ పాకుతుంది.

మీ ముందు నా కోరిక చాలా చిన్నది, ఒక లెక్కల మనిషి కోరుకునేలాంటిది. మీ తర్వాతి సమావేశంలో ఒక తీర్మానం పెట్టండి. టీచర్లు, నర్సులు, మంత్రసానులు, ఆరోగ్య కార్యకర్తలు, వ్యవసాయ సలహాదారుల జీతాలకు మీ కార్యక్రమ పత్రాల్లో విడిగా ఒక పద్దు ఇవ్వండి. దానికి మానవ మూలధనం అని మీరే పెట్టిన పేరు పెట్టండి. లోటు లెక్కల్లో రోడ్డుకు, వంతెనకు ఎంత వెసులుబాటు ఇస్తారో దానికీ అంతే ఇవ్వండి. కనీసం పదేళ్ల కాలానికి, ఏటా ఎంత తగ్గిస్తూ దేశం సొంత పన్నులకు మారుస్తారో ముందే రాసుకుని, డబ్బు ఇవ్వండి. పక్కన ఒక కాలమ్ గీసి, ఆ ఏడాది ఎంతమంది పిల్లలు చదవగలిగారో, ఎంతమంది తల్లులు క్షేమంగా ఇల్లు చేరారో రాయించండి. ఆ కాగితం ఆ ఊరి భాషలో బడి గోడ మీద, ఆరోగ్య కేంద్రం గోడ మీద అతికించాలని షరతు పెట్టండి.

ఇప్పుడు అప్పు కోసం మీ బల్ల మీద ఉన్న ఫైళ్లలో ఏదో ఒకదానిలో ‘నియామకాల నిలిపివేత’ అనే వాక్యం ఉండే ఉంటుంది. సంతకం పెట్టే ముందు, ఆ వాక్యం వల్ల ఏ గదిలో నర్సు ఉండదో ఆ ఆర్థిక మంత్రిని అడిగి తెలుసుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆడిటర్